నామంజూర్ నేర్పిన సార్

సార్ పోయారన్న సంగతి నాకు కూరగాయల బజారులో తెలిసింది. అదీ పదకొండో రోజు దాటాక. భోకర్ నుంచి వచ్చి పోయే ఒకామె మెంతికూర కట్టలు తిరగేస్తూ, "మీ కంపెనీల ఉండె గద పాత సారు, పోయిండమ్మా. దినాలు గూడ అయిపోయినయ్" అంది. అని, అదే నోటితో "కట్ట ఎంతకిస్తున్నవే?" అని బేరానికి దిగింది. నేను సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. సిగ్గు ముంచుకొచ్చింది. నాందేడ్ నుంచి భోకర్ ఏమంత దూరం? బస్సెక్కితే గంటన్నర. ఇన్నేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి వెళ్ళి ఆ మనిషి గుమ్మంలో నిలబడలేదు నేను.

ఆయన పుట్టుపూర్వోత్తరాలు చెప్పమంటే నాకు తెలియవు. పిల్లలెంతమందో తెలియదు. భార్య ఉందని మాత్రం తెలుసు, ఎందుకంటే వారానికి రెండుసార్లయినా ఆమె మీద ఏదో ఒక ఉదాహరణ పడేది. "మా ఆమె చింతపండు కొనబోయి చీపురు తెచ్చింది. దేనికి బదులు ఏది తెచ్చినట్టు?" అని నన్ను అడిగేవారు. అర్థశాస్త్రమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉందని ఆయన నమ్మకం. దేనికి బదులు? ఏదైనా ఎంచుకున్నామంటే ఇంకేదో పోగొట్టుకున్నట్టే, ఆ పోయినదాని పేరు చెప్పలేనివాడికి వ్యాపారం చేసే హక్కు లేదనేవారు. పొట్టిగా ఉండేవారు. తెల్ల టోపీ. పాఠం మొదలుపెట్టే ముందు టోపీ తీసి మోకాలి మీద తగిలించుకునేవారు. నేను తప్పు చెప్తే ఒక్క మాట అనరు, టోపీ తీసి నెత్తిన పెట్టుకుంటారు, ఇక లేచి పోతున్నట్టు. నేను నాలిక్కరుచుకుని జవాబు మార్చుకుంటే మళ్ళీ మోకాలి మీదికి దిగేది. ఒక్కొక్క పూట ఆ టోపీ పదిసార్లు ఎక్కి దిగేది. మా అత్త బియ్యం ఏరుకుంటూ, "సారూ, నెత్తి అరిగిపోతది గద" అనేది.

మాది జిన్నింగ్ ఫ్యాక్టరీ. పత్తిలోంచి గింజ విడదీసి దూది బయటికి పంపే పని. మా ఆయన, ఆయన అన్న, ఇద్దరి పేర్న కంపెనీ. పెళ్ళయిన మూడో ఏడు మా ఆయన కామెర్లతో పోయారు. నాకు ఇరవై రెండు. ఆయన వాటా నాకు వచ్చింది, వాటాతో పాటు డైరెక్టర్ కుర్చీ కూడా వచ్చింది. కుర్చీ అన్నది మాటవరసకే. నేను కూర్చున్నది తలుపు వెనక.

మా ఇళ్ళలో కోడలు బావగారి ఎదుటికి రాదు, ఆయనతో మాట్లాడదు. ఆయన ముందుగదిలోంచి గొంతు సవరించుకుని ఏదైనా అడిగితే, లోపలి గదిలోంచి తలుపు గొలుసు ఒకసారి కదిలించాలి. గొలుసు చప్పుడైతే సరే అన్నట్టు. భోజనానికి నలుగురు వస్తున్నారంటే గొలుసు. పండక్కి పుట్టింటికి పంపడం లేదంటే గొలుసు. మరి కాదు అనడానికి చప్పుడేమిటి అని మీరు అడగొచ్చు. అలాంటి చప్పుడు మా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు.

కంపెనీ సభలూ అలాగే జరిగేవి. బావగారు ముందుగదిలో గద్దె మీద కూర్చుని ఠరావ్ చదివేవారు, అంటే ఏం చేయదలచుకున్నారో ఆ తీర్మానం. చదివి గొంతు సవరించుకునేవారు. నేను గొలుసు కదిపేదాన్ని. మంజూర్. అయిపోయింది.

సార్ మా కంపెనీకి సెక్రటరీగా వచ్చిన తర్వాత మొదటి సభలో ఆ చప్పుడు విని ఉలిక్కిపడ్డారు.

"ఏంది గది? పిల్లి దూరిందా?"

బావగారు నవ్వారు. "మా మరదలు సార్. మంజూర్ అంటున్నది."

సార్ కలం కింద పెట్టారు. "సేఠ్, ఒక మాట అంట, ఏమనుకోకుండ్రి. దస్కత్ పెట్టేటామెకు దేనికి పెడుతున్నదో ఎర్క ఉండాలె. రేపు సర్కారోడు అచ్చి అడిగితే ఏం చెప్తది?"

"నిజమే. అయితే మీరే చెప్పుండ్రి. పొద్దుగాల పడసాలల కూసొని చెప్పుండ్రి. అమ్మ దగ్గరనే ఉంటది" అన్నారు బావగారు. మా బావగారు చెడ్డవారు కారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే కథ సులువైపోతుంది. మా ఆయన పోయాక నా పళ్ళెంలో ఏదీ తగ్గనివ్వలేదు. ఒక్కనాడూ గొంతు పెంచి ఎరగరు. అదే నాకు వచ్చిన తిప్పలు.

అలా నేను మరాఠీ ఏడో తరగతి చదువుతో డైరెక్టర్ల చదువు మొదలుపెట్టాను. మొదటి రోజు సార్ బెల్లం ముక్కలు తెప్పించారు. ఒకటి తినమన్నారు. ఎట్లున్నది? బాగుంది. రెండోది. బాగుంది. ఆరో ముక్కకి నాకు వెగటు పుట్టింది, ఏడోది చేతిలో పట్టుకుని దిక్కులు చూస్తున్నాను. "బెల్లం మారిందా? మారలే. మరి నీ మొహం ఎందుకట్లయింది? గదీ పాఠం. సరుకు గదే, దాని మీద మన ఆశ తగ్గుకుంట పోతది" అన్నారు. ఖర్చుల పాఠం మా ఫ్యాక్టరీ కాపలా కుక్క మీద. "మిషన్ నడిచినా కుక్క తింటది, నడవకున్నా తింటది. గది స్థిరమైన ఖర్చు. పత్తి అస్తెనే కూలోళ్ళు అస్తరు. గది మారేటి ఖర్చు. ఎర్కయిందా డైరెక్టరమ్మా?" నన్ను డైరెక్టరమ్మా అని పిలిచింది ప్రపంచంలో ఆయనొక్కరే. మిగతావాళ్ళకి నేను చిన్నకోడల్ని.

కంపెనీ అంటే ఏమిటో చెప్పిన రోజు మా అత్త గొప్ప తగువే వేసుకుంది. "కంపెనీ ఒక మనిషి లెక్క. సేఠ్ వేరు, కంపెనీ వేరు. దానికి పేరున్నది, ఆస్తి ఉన్నది, దాని మీద కోర్టుల దావా గూడ ఎయ్యొచ్చు" అన్నారు సార్.

"మనిషైతే మరి పెండ్లెప్పుడు?" అంది అత్త.

నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. సార్ నవ్వలేదు. "పెండ్లి లేదవ్వా. కాళ్ళు లేవు, చేతులు లేవు, కడుపు గూడ లేదు. నోరు గూడ లేదు. దాని నోరు డైరెక్టర్లే. ఈళ్ళు నోరు తెరిస్తెనే అది మాట్లాడినట్టు. నోరు మూసుకుంటె దాన్ని మూగదాన్ని చేసినట్టు" అన్నారు, నావైపు చూస్తూ.

ఆయన నాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు నేర్పింది మాత్రం ఒక్కటే ముక్క. నామంజూర్. మా కంపెనీ నియమాల్లో ఒకటుంది, మా ఆయన బతికున్నప్పుడు పట్టుబట్టి రాయించింది: కట్టడాలు గానీ యంత్రాలు గానీ మార్చాలంటే ఇద్దరు డైరెక్టర్లూ ఒప్పుకోవాలి. ఒకరు కాదంటే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. సార్ ఆ కాగితం నా ముందు పరిచి వేలు పెట్టి చూపించారు. "ఇగో, నీ పెనిమిటి నీకు ఇచ్చిపోయిన ఆస్తి ఇది. వాటా కాదు, ఇది. దీన్ని వాడుకోవాలంటె ఒక్క మాట నోటి నుంచి రావాలె. అను చూద్దాం."

"నామంజూర్" అన్నాను.

"నాకే ఇనబడలే, గోడవతల ఎట్ల ఇనబడుతది?"

ఆ రోజు నుంచి దొంగ ఠరావులు మొదలయ్యాయి. ఆయన గొంతు బరువు చేసుకుని చదివేవారు: "ఠరావ్: రేపటి సంది అవ్వకు చాయ్ బంద్." నేను నామంజూర్ అనాలి. "ఠరావ్: డైరెక్టరమ్మ గాడిద మీద గోదావరి ఘాట్‌కు పోయి రావాలె." నామంజూర్! మా అత్తకి ఈ ఆట తెగ నచ్చింది. తనే ఠరావులు కల్పించేది. నాకు నవ్వాగేది కాదు, నవ్వుతూనే అరిచేదాన్ని. పడసాల దద్దరిల్లేది. ఎన్ని నెలలు ఆడామో ఆ ఆట. అత్త ముందు, సార్ ముందు, గోడ ముందు, నీళ్ళ గంగాళం ముందు కూడా నేను నామంజూర్ అనగలిగేదాన్ని.

ఆ ఏడు పత్తి విపరీతంగా పండింది. ముఖేడ్ నుంచి, భోకర్ నుంచి బండ్లు ఆగకుండా వచ్చేవి. గోదాం నిండిపోయింది. దీపావళి వెళ్ళిన వారానికి బావగారు ఒక ఠరావ్ తయారుచేశారు. మిషన్ గదికీ గోదాముకీ మధ్య ఇరవై అడుగుల ఖాళీ సందు ఉండేది. దాని మీద రేకులు కప్పి షెడ్డు చేస్తే పత్తి అక్కడ పోయొచ్చు, ఆడకూలీలు నీడన కూర్చుని చెత్త ఏరొచ్చు. అంతే.

సార్ ముందురోజే పడసాలకు వచ్చారు. టోపీ తియ్యనే లేదు. "బిడ్డా, గా సందు ఉత్తగ లేదు. మిషన్ల రాయి పడితె నిప్పురవ్వ లేస్తది. ఏడాదికి ఒక్కసారన్న లేస్తది. ఇప్పుడైతె లేచిన రవ్వ సందుల పడి ఆరిపోతది. రేకులు కప్పి పత్తి నింపితె ఏమైతదో నువ్వే చెప్పు. ఆడోళ్ళు అండ్లనే కూసుంటరు. దర్వాజ ఒక్కటే." "నేను సెక్రటరీని, నౌకర్‌ను. చెప్పొచ్చు, ఆపలేను. ఆపేటిది నువ్వొక్కదానివే. నేర్చుకున్నది గీ ఒక్క రోజు కొరకనుకో."

అంటాను సార్, తప్పకుండా అంటాను అన్నాను. నిజంగా అనే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా గంగాళం ముందు నిలబడి అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు సభ. నేను తలుపు వెనక. తలుపు సందులోంచి బావగారి భుజం, సార్ కలం కనిపిస్తున్నాయి. సార్ తన భయమంతా చెప్పారు. బావగారు ఓపికగా విన్నారు, కోప్పడలేదు. "మీ భయం నాకు ఎర్కే సార్. బక్కెట్లల్ల నీళ్ళు పెడతం, జాగర్తగ ఉంటం. పత్తి బయట తడిస్తె రైతుకు నష్టం, మనకు నష్టం. ఇంటోళ్ళందరి నోట్లెకు పోయేటిది గిదే గద?" అన్నారు. ఆ మాట నాకు తగిలింది. నా నోట్లోకి పోయేదీ అదే. ఆయన గొంతు సవరించుకున్నారు.

నా చెయ్యి లేచింది. ఆరేళ్ళ అలవాటు, నన్ను అడగలేదు. గొలుసు చప్పుడైంది.

సార్ తలెత్తారు. "సేఠ్, సరిగ ఇనబడలే. రాసేటోన్ని నేను, మరొక్కసారి అడుగుతున్న" అని తలుపు వైపు తిరిగి, ఒక్కొక్క మాటా విడదీసి, "ఇద్దరు డైరెక్టర్లు ఒప్పుకుంటెనే షెడ్డు. డైరెక్టరమ్మా, మీరు ఏమంటున్నరు?" అన్నారు. అంతసేపు ఆగారు నాకోసం. నోరు తెరిచాను, ఒట్టు. నాలుక పైకి లేవలేదు. బావగారు మళ్ళీ చిన్నగా గొంతు సవరించుకున్నారు. నేను మళ్ళీ గొలుసు కదిపాను.

సార్ సభల పుస్తకంలోకి వంగి రాశారు. రాసింది పైకి చదవడం ఆయన పద్ధతి. "సర్వానుమతే మంజూర్" అని చదివారు. మరాఠీలో ఎంత నిండుగా ఉంటుందో ఆ మాట. అందరూ ఒప్పుకున్నారని.

మర్నాడు ఆయన యథాప్రకారం పడసాలకు వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గిరాకీ పెరిగితే ధర ఎందుకు పెరుగుతుందో చెప్పారు. దొంగ ఠరావులు మాత్రం మళ్ళీ ఆడలేదు. అత్త అడిగితే "ఇగ చాలవ్వా" అన్నారు.

హోలీ దాటాక ఒక మధ్యాహ్నం మిషన్‌లో రాయి పడింది.

మంటల సంగతి నేను రాయను. మా డాబా మీదికి ఆ వాసన మూడు రోజులు వచ్చింది. షెడ్డులో ఉన్న ఆడవాళ్ళలో ముగ్గురు బయటికి రాలేదు. ఒకామె గంగవ్వ, మా ఇంటికొచ్చి మజ్జిగ తాగి, చెంబు కడిగి బోర్లించి పోయే మనిషి. సార్ ఎర్రగా కాలుతున్న రేకుల్ని ఉత్తచేతులతో లాగారట. అరచేతుల తోలు ఊడి వచ్చింది. ఆ చేతులకి గుడ్డలు చుట్టుకుని మర్నాడు పుస్తకం పట్టుకుని వచ్చారు, లెక్కప్రకారం రాయవలసినవి ఉంటాయని.

నేనేం చేశానో చెప్తాను వినండి. అత్త లోపలికి పోగానే ఆయన ముందుకు జరిగి, "సార్, ఆ దీపావళి సభది... నేను వద్దన్నట్టు రాయండి" అన్నాను. ముగ్గురు పోయిన మర్నాడు! నా గురించే అడిగాను.

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. ముఖంలో జాలి కనిపించింది, అదింకా భరించలేకపోయాను. "అనని మాట నేనెట్ల రాస్త బిడ్డా?" అన్నారు.

ఆ సాయంత్రమే బావగారు ఆ పుస్తకం అడిగి తీసుకున్నారు. మళ్ళీ అది ఎవరి కంటా పడలేదు.

వారం తర్వాత విచారణకి సర్కారు నుంచి ఒక సాహెబు వచ్చారు. మా ముందుగదిలోనే కూర్చున్నారు. షెడ్డు ఎవరు కట్టించారని అడిగారు. బావగారు మరాఠీలో, నెమ్మదిగా, ఎప్పటిలాగే మర్యాదగా చెప్పారు. తను ఊళ్ళో లేనప్పుడు సెక్రటరీ సొంతంగా కట్టించాడని, తనకు తెలియదని. నేను తలుపు వెనక ఉన్నాను. మా బావగారు అబద్ధం చెప్పగా వినడం నాకదే మొదలు.

"ఠరావ్ అయింది సాహెబ్" అన్నారు సార్.

"పుస్తకం?"

"నా దగ్గర లేదు."

సాహెబు కాగితాలు తిరగేశారు. "రెండో డైరెక్టర్ ఎవరు? ఈమె ఎక్కడ?"

బావగారు గొంతు సవరించుకున్నారు. "ఆడమనిషి సాహెబ్. ఏమీ తెలియదు. ఏదైనా ఉంటే లోపలి నుంచే..." అన్నారు. నా చెయ్యి గొలుసు మీదికి పోయింది, నిజం చెప్తున్నాను, అప్పుడు కూడా పోయింది. తలుపు సందులోంచి ఒళ్ళో పెట్టుకున్న సార్ చేతులు కనిపించాయి, గుడ్డల్లో చుట్టి.

తలుపు తీసుకుని ముందుగదిలోకి వచ్చాను. కొంగు నెత్తిన ఉంది, ముఖం మీద లేదు. "షెడ్డు కంపెనీ కట్టించింది. దీపావళి వెళ్ళిన వారానికి ఇక్కడే సభ జరిగింది. బావగారు పెట్టారు, నేను ఒప్పుకున్నాను. సార్ వద్దన్నారు" అన్నాను. బావగారు నావైపు చూడలేదు, గోడకేసి చూశారు. ఆయన ఎదుట నేను మాట్లాడిన మొదటి మాటలు అవి. ఆ తర్వాత ఆ ఇంట్లో నాతో మాట్లాడినవాళ్ళు తక్కువ. కేసు ఏళ్ళకేళ్ళు నడిచి జరిమానాతో ముగిసింది. సార్ ఉద్యోగం మాత్రం ఆ పూటే పోయింది.

ఆ పూట విచారణ అయ్యాక బయటికి వచ్చాం. మా ఇంటి ఎదుటే ఉన్న ఫ్యాక్టరీ గోడ పక్కన చనిపోయినవాళ్ళ తాలూకు మనుషులు పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నారు. సార్ నా పక్కన నిలబడి, "గొంతు సాఫ్ అచ్చింది బిడ్డా. ఇగ నేను నీకు నేర్పేటిదేం లేదు" అన్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు సంతోషం కలిగింది. ముగ్గురు పోయిన చోట నిలబడి, పంతులు మెచ్చుకున్న పిల్లలా సంతోషపడ్డాను.

గంగవ్వ మొగుడు లేచి వచ్చాడు. బాబ్లీ వైపు మనిషి, మాట్లాడేది మా తెలుగే.

"అమ్మా, లోపట ఏమన్నవ్?"

"షెడ్డుకు నేను గూడ ఒప్పుకున్న అని చెప్పిన."

నిజంగానే తెలుసుకుందామని అడిగాడు, దెప్పడానికి కాదు. "కట్టకముందుగాల నిన్ను అడిగిండ్రా?"

నేను సార్ వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు. నా తరఫున ఆయన చెప్పరు.

"అడిగిండ్రు."

"ఏమన్నవ్?"

"సరే అన్న. రెండుసార్లు అడిగిండ్రు. రెండుసార్లు సరే అన్న."